మా ఆటలో శ్రీకూర్మం ముక్కలైపోతోంది, ఎవరైనా దారి చూపిస్తారా?

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో మధురవాడ వైపు ఉంటాను. ఇద్దరు స్నేహితులతో కలిసి యూరోపా యూనివర్సాలిస్ 4 అనే చారిత్రక వ్యూహాల కంప్యూటర్ ఆటకు కళింగాంధ్ర మోడ్ (అభిమానులు ఆటకు చేసుకునే మార్పు) తయారుచేస్తున్నాను. ఆట 1444లో మొదలవుతుంది కాబట్టి గజపతులు, రాజమహేంద్రవరం రెడ్లు, విజయనగరం అందరూ దొరుకుతారు. కృష్ణదేవరాయలు 1516లో సింహాచలంలో శాసనం వేయించిన ఘట్టం కూడా పెట్టాం.

పటం పని ముగిసింది. ఆట ఒక్కో సీమను జాబితాలోని ఒక్కో రంగుతో గుర్తుపడుతుంది; మెత్తని బ్రష్‌తో గీస్తే సీమల అంచుల్లో ఆ జాబితాలో లేని రంగులు పుట్టుకొచ్చేవి. పెన్సిల్ పరికరంతో గీశాక తీరింది. ఇంత చిన్న విషయానికి రెండు వారాలు పట్టిందని చెప్పుకోవడానికి సిగ్గే.

అసలు తంటా అక్షరాలతో. ఈ ఆట ఒక్కో అక్షరానికి ఒక్కో బొమ్మ అతికిస్తుంది, అదీ 256 గడులలోనే. మన గుణింతాలు, ఒత్తులు అందులో ఎక్కడ పడతాయి? ‘శ్రీకూర్మం’ అని రాస్తే ‘శ్ రీ కూ ర్ మం’ అని విడివిడిగా కనిపిస్తోంది. చైనా, జపాన్ భాషలవాళ్లు ఆట ప్రోగ్రామునే సవరించి ఈ గండం దాటారు. తెలుగుకో కన్నడానికో ఎవరైనా ప్రయత్నించారా? ఆంగ్ల లిపిలో రాసేయమని మా వాడి సలహా. భీమునిపట్నాన్ని ఆంగ్లంలో చదువుకోవడానికి ఇంత శ్రమ ఎందుకని నా మొండితనం.

ఇంకొకటి: కంప్యూటర్ ఆడే గజపతులు ముప్పై ఏళ్లలో విజయనగరాన్ని మింగేస్తున్నారు. సైన్యం తగ్గిస్తే రెడ్లే వాళ్లను తరిమేస్తున్నారు. గజపతి రాజు కపిలేశ్వరుడు దక్షిణాన చాలా దూరం వెళ్లిన మాట నిజమే, కానీ రాయలవారు పుట్టేదాకా విజయనగరం మిగలాలి కదా! సైన్యం జోలికి పోకుండా దీన్ని ఎలా సరిచేయాలి?