మిన్నెసోటాల తమ్ముడు టైనీ హౌస్ కొంటుండు, చలికి ఆగుతదా లేదా ఎట్ల తెలుస్తది?

మిర్యాలగూడ అన్న:
అందరికీ నమస్తే. తమ్ముడు అమెరికాల డులుత్ దగ్గర ఉంటడు. చక్రాల మీది చిన్న ఇల్లు చూసిండు. 8.5 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు, పండుకోను పైన అటక. గోడలకు R-13 గ్లాస్ వూల్, రెండద్దాల కిటికీలు, గ్యాసు హీటరు అని రాసిచ్చిన్రు. ‘నాలుగు కాలాలకూ పనికొస్తది’ అంటున్రు. జనవరిల ఆడ మైనస్ 30 దాకా పోతది. పైసలు కట్టకముందు ఏమేం అడగమనాలె?

పాలమూరు ప్యానెల్:
అన్నా, ‘నాలుగు కాలాలు’ అన్న మాటకు కొలత లేదు, అది పక్కకు వెట్టి అంకెలు అడగమనుండ్రి. R అంటే వేడిని ఎంత ఆపుతదో చెప్పే లెక్క. డులుత్ అక్కడి ఎనర్జీ కోడ్‌ల 7వ జోన్ల, అంటే బాగ చలి ఉండే ప్రాంతాల లెక్కల ఉంది. మామూలు ఇంటికే గోడలకు R-20 కంటే ఎక్కువ, నేలకు R-38, పైకప్పుకు కనీసం R-49 పెడ్తరు. మన కొత్తూరు, షాద్‌నగర్ దిక్కు పోర్టా క్యాబిన్లకు వాడే 50 ఎం.ఎం. పఫ్ ప్యానెల్ (రేకుల నడుమ ఫోమ్ నింపిన పలక) R-12 చుట్టుపక్కల ఉంటది. అంటే ఆ R-13 గోడ మన ఎండకు కట్టే క్యాబిన్ కంటే పెద్దగ ఎక్కువేం కాదు. గోడ మందం పెంచే జాగ లేకపోతే క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్ (గోడల కొడితే ఉబ్బి గట్టిపడే ఫోమ్) కొట్టియ్యమనాలె. 3.5 అంగుళాలకు R-21 దాకా వస్తది, గాలినీ తేమనూ గూడ అదే ఆపుతది.

ఇగ చలి కంటే తేమతోనే ఎక్కువ ఖరాబయితది. ఇద్దరి ఊపిరి, అన్నం వంట, కుక్కరు ఆవిరి, స్నానం, లోపట ఆరేసిన బట్టలు కలిస్తే రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు గాలిల చేరుతయి. పెద్దింట్ల అది కనవడది, 200 చదరపు అడుగులల్ల గంటలల్లనే కిటికీ చెమ్మగిల్లుతది. లోపల 21 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే, 10 డిగ్రీల కంటే సల్లగున్న ఏ జాగల అయినా నీళ్లు పడ్తయి: కిటికీ అంచులు, గోడ మూలలు, ట్రైలర్ ఇనుము తగిలే నేల, అటక మీది పరుపు కింద. గ్లాస్ వూల్ గోడల తేమ చొరబడితే చెక్క లోపల్లోపల కుళ్లుతది, పలక ఊడదీసేదాక తెల్వదు.

అందుకని మూడు సంగతులు. తేమను ఆపే పొర గోడకు లోపలి దిక్కు ఉండాలె. మన దగ్గర వానకాలం ఏసీ రూముకు తేమ బయటి నుంచి లోపలికి వస్తది, ఆడ ఉల్టా. మన లెక్కన బయటి దిక్కు పెడ్తే తేమ గోడలనే ఇరుక్కుంటది. రెండోది, బయటికి పోయే గాలి వేడిని లోపలికి వచ్చే గాలికి ఇచ్చే హెచ్‌ఆర్‌వీ ఫ్యాను. పొయ్యి మీది చిమ్నీ గూడ పైపుతోటి బయటికే పోవాలె, ఫిల్టర్ నుంచి మళ్లా లోపలికే ఊదేది వద్దు. మూడోది, పరుపు కింద గాలాడే పట్టీల మంచం. బాగ చలి దినాలల్ల తేమ 30 శాతం దగ్గర ఉంచాలె, మీటరు ఒకటి గోడకు పెట్టుకోమనుండ్రి.

హాలియా పైపులు:
నీళ్ల సంగతి. అక్కడ భూమి 5 అడుగుల లోతు దాకా గడ్డకట్టే లెక్కతోటి పునాదులు ఏస్తరు. నీళ్ల పైపు గూడ ఆ లోతు కింద నుంచే రావాలె. పైకి వచ్చినంక కరెంటుతోటి వేడెక్కే హీటెడ్ హోస్ ఉండాలె, లేకపోతే ఫోమ్ చుట్టి తనంతట తనే వేడి తగ్గించుకునే హీట్ కేబుల్. కరెంటు పోతే ఆ కేబుల్ పన్జెయ్యదు, గందుకని పైపు ఎంత తక్కువ పొడుగుంటే అంత మంచిది. ఇంటి కింద చుట్టూ ఫోమ్ బోర్డులతోటి మూసెయ్యాలె, లేకపోతే గాలి నేరుగ నేలకు తగుల్తది.

చానామంది మర్చిపోయేది మురికినీళ్ల పైపు. నల్లా కొద్దికొద్దిగ కారితే ఆ బొట్లు పైపుల పొర మీద పొర గడ్డకట్టి మూసుకపోతది. వాటం అడుగుకు పావు అంగుళం ఉండాలె, నీళ్లు ఒక్కసారి జారిపోవాలె. సింకు కింది వంపు పైపు వెచ్చటి నేల లోపలనే ఉండాలె, నేల కిందికి దిగితే వద్దనుండ్రి.

మిర్యాలగూడ అన్న:
మంచి ముచ్చట చెప్పిన్రు. పైకప్పు మీద మంచు బరువు, గ్యాసు సంగతి గూడ జర చెప్పుండ్రి.

దేవరకొండ ఇంజినీరు:
మిన్నెసోటా ఉత్తర జిల్లాలకు, డులుత్‌తో సహా, నేల మీది మంచు బరువు చదరపు అడుగుకు 60 పౌండ్లని కోడ్ చెబుతుంది. 8.5×24 వైశాల్యానికి లెక్కవేస్తే అయిదున్నర టన్నులు, అంటే ఐకేపీ సెంటర్ల 40 కిలోల వడ్ల బస్తాలు దాదాపు 140. పైకప్పు వాలును బట్టి ఇంజినీరు దీన్ని తగ్గించి లెక్క కడతాడు. ఆ లెక్కను సంతకంతో సహా కాగితం మీద తీసుకోమనండి. ఆర్‌వీ (చక్రాల మీది బండి ఇళ్ల) సర్టిఫికెట్ చూపితే సరిపోదు, అది ప్రధానంగా గ్యాసు, కరెంటు, నీళ్లు, మంటల భద్రత చూస్తుంది.

గ్యాసు హీటరు పొగగొట్టం లేనిదైతే తీసుకోవద్దు. కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది, అదంతా ఇంట్లోనే ఉంటుంది. ఇందాక చెప్పిన తేమకు ఇది అదనం. బయటి గాలినే పీల్చుకుని బయటికే వదిలే డైరెక్ట్ వెంట్ రకం కావాలి. దాని గొట్టం మూతి మంచు పేరుకునే ఎత్తుకు పైన ఉండాలి, మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తుంది. అలారం ఒకటి అటక మీద, ఒకటి కింద పెట్టాలి.

మన వంట సిలిండర్లో బ్యూటేన్ కలిసి ఉంటుంది, అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం ఆగిపోతుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. అయినా మైనస్ 30లో చిన్న సిలిండర్ నుంచి ఆవిరి సరిపడా రాదు, లోపల గ్యాసు ఉన్నా మంట మందగిస్తుంది. 100 పౌండ్ల సిలిండర్లు రెండు, ఒకటి అయిపోతే రెండోదానికి దానంతట అదే మారే వాల్వుతో పెట్టుకోవాలి. బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే చలిదేశాల హీట్ పంప్ కూడా పెట్టుకోవచ్చు, కానీ అంత చలిలో దాని వేడి బాగా తగ్గుతుంది కాబట్టి గ్యాసు హీటరు తీసెయ్యొద్దు.

వీటికంటే ముందు జాగా సంగతి. చక్రాల ఇంట్లో ఏడాది పొడుగునా ఉండటానికి చాలా ఊళ్లు ఒప్పుకోవు. ఆ స్థలానికి అనుమతి ఉందో లేదో అక్కడి జోనింగ్ ఆఫీసులో (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూసే ఆఫీసు) రాతపూర్వకంగా అడిగాకే అడ్వాన్సు కట్టమనండి.

పాలమూరు ప్యానెల్:
ఇంకొకటి. ఇల్లు ఎండకాలం చూస్తే ఏం తెల్వదు. చలికాలం పోయి, ఒక దినం మొత్తం హీటరు నడిపించి, రాత్రి వేడి, చలి తేడా రంగులల్ల చూపించే థర్మల్ కెమెరాతోటి మూలలు, నేల అంచులు, కిటికీ చుట్టూ చూడమనుండ్రి. నల్లగ, అంటే సల్లగ, కనవడ్డ ప్రతి జాగను ఫోటో తీసి, అవి సరిచేసి ఇస్తమని ఒప్పంద కాగితంల రాపించుకోవాలె.