బ్యాటరీ దాచుకున్న ఫోనును వెలివేయాలా?

ఓరుగల్లు_విద్యార్థి:
2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అలాంటి చోట టవరు ఆగిపోతే, ఒక ఫోను సందేశాన్ని మరో ఫోను అందుకుని దాటించే మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్కే గతి. కానీ కొన్ని ఫోన్లు తమ సందేశాలు పంపుకుని, బ్యాటరీ మిగుల్చుకోవడానికి ఇతరుల ప్యాకెట్లను (సందేశపు ముక్కలను) పారేస్తాయి. వాటినేం చేయాలి?

కాజీపేట_కోడర్:
శిక్షించాలి. గొలుసుకట్టులో పై చెరువు మత్తడి పోయకపోతే కింది చెరువు ఎండుతుంది. 2000లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఒక వ్యాసంలో వాచ్‌డాగ్ (ఎవరు మోయడం లేదో కనిపెట్టేది), పాత్‌రేటర్ (నమ్మదగిన దారిని ఎంచేది) ప్రతిపాదించారు. స్వార్థపు నోడ్‌ను, అంటే నెట్‌వర్కులోని అలాంటి ఫోనును, దారి నుంచి తప్పించారంతే. దానికి చాకిరీ తప్పింది, సొంత ప్యాకెట్లు మాత్రం యథాప్రకారం వెళ్తాయి. ఇది శిక్షా, బహుమానమా? 2002 నాటి కాన్ఫిడెంట్ పద్ధతే నయం: అలాంటి నోడ్ ప్యాకెట్లను ఎవరూ మోయరు.

హనుమకొండ_సర్క్యూట్:
చెరువుకు బ్యాటరీ అయిపోదు కదండీ! సరే, నేరం రుజువయ్యేదెలా? మీకు ప్యాకెట్ ఇచ్చాక, మీరు దాన్ని మూడోవారికి పంపుతున్నారో లేదో నేను గాలిలో చెవి ఒగ్గి వింటాను. గడువులోగా వినబడకపోతే మీ పేర ఒక తప్పు రాస్తాను. తప్పులు హద్దు దాటితే మీరు దోషి. వాచ్‌డాగ్ అంటే ఇంతే. సరిగ్గా మీరు పంపే క్షణంలో నా పక్క ఫోను మాట్లాడిందనుకోండి, సంకేతాలు ఢీకొని నాకేమీ వినబడదు. పని చేసీ మీరు దోషి అయ్యారు. జిత్తులమారి నోడ్ అయితే నాకు వినబడేంత, మూడోవారికి అందనంత శక్తితో పంపి తప్పించుకుంటుంది. ఈ లోపాలు ఆ స్టాన్‌ఫోర్డ్ వ్యాసంలోనే రాసి ఉన్నాయి. వరదలో ఊరంతా ఒకేసారి సాయం కోరుతుంటే ఇక చెప్పాలా? 10 శాతం ఛార్జింగుతో డాబా మీదున్న మనిషి పక్కవాడి వీడియో మోయలేదని, అతని ఆర్తనాదాన్నీ ఆపేస్తారా?

ములుగు_రేడియో:
కూలి ఇస్తే పోలేదా? 2001లో బుట్యాన్, ఉబో అనే పరిశోధకులు చెప్పిన నగ్లెట్లు, అంటే ఊహా నాణేలు, అవే. మోస్తే జమ, సొంతం పంపితే ఖర్చు.

హనుమకొండ_సర్క్యూట్:
ఊరి చివరి ఫోను మీదుగా ఎవరి దారీ పోదు. దానికి సంపాదనెక్కడిది? ఆపద సందేశాలను అందరూ మోయాలి, వెలి మిగతావాటికే.

కాజీపేట_కోడర్:
అప్పుడు ప్రతివాడూ తన వీడియోకు ఆపద ముద్ర కొడతాడు.

హనుమకొండ_సర్క్యూట్:
ఒక్క ప్యాకెట్‌లో పట్టేదానికే ఆ ముద్ర, అదీ ఒక ఫోనుకు నిమిషానికి ఒకటే.

కాజీపేట_కోడర్:
ఒకే ఫోను పది పేర్లు పెట్టుకుంటే?