350 టార్క్ కారుకి 450 పెడితే కంపెనీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తట్టుకుంటుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది రెండు లీటర్ల టర్బో పెట్రోల్ కారు. గేర్‌బాక్స్ జెడ్‌ఎఫ్ వాళ్లు తయారుచేసిన 8హెచ్‌పీ45, ఇంతవరకు ఎవరూ విప్పలేదు. 95,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ లెక్క 245 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేస్తే 310 హార్స్‌పవర్, 450 న్యూటన్ మీటర్లు వస్తాయంటున్నారు. ఇంజిన్ గురించి నాకు బెంగ లేదు. ఈ గేర్‌బాక్స్ ఎన్ని హార్స్‌పవర్ల దాకా ఆగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1

ఇదే గేర్‌బాక్స్‌తో మా తమ్ముడి కారు 480 టార్క్ మీద రెండేళ్లుగా తిరుగుతోంది. ఏమీ కాలేదు. ధైర్యంగా చేయించండి.

జవాబు 2

అండీ, నేను గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే పనిలో ఉన్నాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు హార్స్‌పవర్ లెక్క పక్కన పెట్టండి. గేర్‌బాక్స్ లోపల గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లను జారేలా చేసేది టార్క్. 2,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 350 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజిన్ ఆ క్షణంలో చేసేది సుమారు 100 హార్స్‌పవరే. 6,000 దగ్గర 250 ఇచ్చేది 213 దాకా చేస్తుంది. అయినా ప్లేట్లను గట్టిగా పట్టుకోవాల్సి వచ్చేది మొదటిదానికే. హార్స్‌పవర్ అసలు లెక్కలోకి రాదని కాదు. ఎక్కువ ఆర్‌పీఎంలో గేర్ మారినప్పుడు ప్లేట్ల మీద పుట్టే వేడి పెరుగుతుంది. కానీ హద్దు చూడాల్సింది టార్క్‌లో.

ఆ హద్దు చాలా గేర్‌బాక్సుల పేరులోనే ఉంటుంది. మీ దాంట్లో 8 అంటే గేర్లు, 45 అంటే 450 న్యూటన్ మీటర్ల తరగతి. దాని అన్న 8హెచ్‌పీ70ది 700. మెర్సిడెస్ పాత అయిదు గేర్లవాటిలో డబ్ల్యూ5ఏ330, డబ్ల్యూ5ఏ580 అని రెండుండేవి, చివరి అంకెలు నేరుగా న్యూటన్ మీటర్లే. అంటే మీ రీమ్యాప్ సరిగ్గా గీత మీద నిలబడుతోంది.

గీత దాటగానే విరిగిపోతుందని కాదు. మామూలు వాడకంలో పూర్తి ఆయుష్షు ఇచ్చేలా తయారీదారు వేసుకున్న లెక్క అది. పైన తమ్ముడిగారి కారు 480 మీద తిరగడం నేను నమ్ముతాను. కాకపోతే రెండేళ్లు నడిచిందంటే ఆయుష్షు తగ్గలేదని అర్థం కాదు.

నేను ఎక్కువగా చూసే చావు వేరే రకం. గేర్ మారేటప్పుడు ప్లేట్లను ఎంత ప్రెషర్‌తో నొక్కాలో గేర్‌బాక్స్ కంప్యూటర్ సొంతంగా కొలవదు, ఇంజిన్ కంప్యూటర్ చెప్పిన టార్క్‌ను నమ్ముతుంది. కొందరు రీమ్యాప్‌లో టార్క్ పెంచి, గేర్‌బాక్స్‌కు మాత్రం పాత అంకే చెప్పిస్తారు, ఎక్కడా అడ్డు తగలకుండా. అప్పుడు 450 వస్తుంటే అది 350కి సరిపడా నొక్కుతుంది. ప్లేట్లు కొంచెం జారతాయి, కాలతాయి, ఆ మసి ఆయిల్‌లో కలిసి వాల్వులకు చేరుతుంది. అలా పోయిన ఒక గేర్‌బాక్స్ విప్పితే గేర్లన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి, ఒక్క క్లచ్ ప్యాక్ (ప్లేట్ల కట్ట) మాత్రం బొగ్గులా ఉంది. చూసి బాధేసింది. 450 కంటే ఈ అబద్ధమే ప్రమాదం.

అలాగే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో గేర్ మారే క్షణాన ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి తీసి టార్క్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. షిఫ్ట్ చురుగ్గా ఉండాలని దాన్ని తీయించొద్దు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడూ మార్చలేదు, జీవితకాలం మార్చక్కర్లేదన్నారు. మారుస్తే జారడం మొదలవుతుందని కూడా విన్నాను.

జవాబు 3

జీవితకాలం అన్న మాట నమ్మొద్దు. జెడ్‌ఎఫ్ సొంత సూచనే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని. దీంట్లో ఫిల్టర్ ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లోనే (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కలిసి ఉంటుంది, పాన్ మొత్తం మార్చాలి. డిప్‌స్టిక్ ఉండదు కాబట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, చెప్పిన ఉష్ణోగ్రత దగ్గరే లెవెల్ చూడాలి. ఆ పద్ధతి తెలియనివాళ్ల చేతిలో పెట్టకండి.

జవాబు 2 (మళ్లీ)

ఆయిల్ మారిస్తే జారడమంటే అప్పటికే ప్లేట్లు అరిగిపోయాయని. పాత ఆయిల్ రంగు, వాసన చూడండి. ముదురు గోధుమ రంగు ఒక్కటే అయితే భయం లేదు. కాలిన వాసన ఉన్నా, పాన్ అయస్కాంతాల మీద సన్నటి బూడిదలా కాక లోహపు తునకలు కనిపించినా రీమ్యాప్ మాట మర్చిపోండి.

వేడి సంగతి కూడా. 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క. బ్రేక్ తొక్కి యాక్సిలరేటర్ నొక్కి దూకించడం మానేయండి. చక్రం తిరగనప్పుడు ఇంజిన్ శక్తి అంతా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఆయిల్ ద్వారా శక్తిని అందించే భాగం) వేడిగా మారుతుంది. పైగా కన్వర్టర్ ఆ క్షణంలో టార్క్‌ను దాదాపు రెట్టింపు చేసి లోపలికి పంపుతుంది.

నా సలహా: 450 వద్దు, 400 దగ్గర ఆపమనండి. ముఖ్యంగా 2,500 ఆర్‌పీఎం లోపు టార్క్ కంపెనీ అంకెకు దగ్గరగానే ఉంచి, పెంచాల్సింది పైన పెంచమనండి. మీరు కోరిన హార్స్‌పవర్‌లో చాలా భాగం అక్కడే వస్తుంది. గేర్‌బాక్స్‌కు అసలు టార్క్ తెలిసేలా చేస్తారా అని నేరుగా అడగండి. జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

ప్రశ్న అడిగినవారు

అలాగే చేస్తానండీ. ముందు ఆయిల్, పాన్. రీమ్యాప్ తర్వాత ఏం గమనించాలి?

జవాబు 2 (మళ్లీ)

గేర్ పడేటప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి పైకి లేస్తే అది జారడమే. వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి, మళ్లీ ప్రయత్నించి చూడొద్దు. ఆయిల్ ఉష్ణోగ్రతను స్కానర్‌తో రీమ్యాప్‌కు ముందు ఒకసారి, తర్వాత అదే దారిలో ఒకసారి రాసి పెట్టుకోండి. పాన్ ఊడదీసిన రోజు అయస్కాంతాల ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.