దూడకు దగ్గు, ముక్కు కారడం: ఇంజెక్షన్ ఇప్పుడే వేయించాలా, ఆగాలా?

పాడిరైతు, బాపట్ల:
రెండు నెలల జెర్సీ సంకర పెయ్య. మూడు రోజులు ముసురు పట్టాక దగ్గు మొదలైంది. రోజులో అప్పుడప్పుడు దానంతటదే దగ్గుతోంది. ముక్కు నీళ్ళలా కారుతోంది, చీమిడి లేదు. పొద్దున జ్వరం చూస్తే 102.4. పాలు బాగానే తాగుతోంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టించాలా? పక్కనే రెండు గేదెలు కూడా ఉన్నాయండి, వాటికేమీ లేదు.

పశువైద్యం:
ఇవాళ ఆగొచ్చండి. కానీ పూటపూటా చూస్తూ ఆగాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం దూడలకు పెట్టిన మార్కుల పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. జ్వరం, దగ్గు, ముక్కు, కళ్ళు లేదా చెవులు (రెంటిలో ఏది ఎక్కువైతే అది), ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 5 చేరితే వైద్యం, 4 అయితే కాపలా. మీ పెయ్యకు జ్వరానికి 2, దగ్గుకు 2, ముక్కు, కళ్ళు, చెవులకు 0. అంటే 4. రేపు జ్వరం 103 తాకినా, చీమిడి తెల్లగా చిక్కబడినా, ఒక చెవి వాలినా ఇక ఆగొద్దు.

పాలు తాగుతోందని ధైర్యపడకండి. న్యుమోనియా వచ్చిన దూడలు చాలాసార్లు పాలు వదలవు.

జ్వరం ఎండెక్కక ముందే చూడండి. థర్మామీటర్ మొన పేడలో గుచ్చుకుంటే అంకె తప్పు వస్తుంది, కాస్త పక్కకు వంచి పేగు గోడకు ఆనించండి. దూడ పడుకున్నప్పుడు డొక్క కదలికలు 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. చల్లటి పూట 40 దాటితే అనుమానించాలి.

గేదెల కొట్టం:
గేదెల విషయంలో ఈ మార్కులు పట్టుకుని కూర్చోవద్దు. వానల్లో ఒక్కసారిగా 104, 106 జ్వరం, గొంతు కింద వాపు, గురక కనబడితే గొంతువాపు వ్యాధే అనుకోండి. ఒక్క రోజులో ప్రాణం పోతుంది. అప్పటికప్పుడు పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. టీకా వానలకు ముందే వేయించాలి.

ఇంకోటి, దగ్గుకని కషాయాలు గొట్టంతో పోయకండి. తల పైకెత్తి పట్టుకుని పోస్తే, అందులోనూ దగ్గుతున్న దూడకు, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. చిన్న జలుబు కాస్తా అసలు న్యుమోనియా అవుతుంది.

పశువైద్యం:
నిజం. మందు మొదలుపెడితే డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయించాలి. జ్వరం దిగిందని రెండో రోజుకే ఆపేస్తే లోపల మిగిలింది మళ్ళీ రేగుతుంది. మెలాక్సికామ్ (జ్వరం, నొప్పి తగ్గించే మందు) పడ్డాక జ్వరం ఎటూ తగ్గుతుంది, అది యాంటీబయాటిక్ పనిచేసిందనడానికి గుర్తు కాదు. అందుకే ఇంజెక్షన్‌కు ముందు అంకె రాసిపెట్టుకోండి, ఊపిరి లెక్క కూడా.

పాడిరైతు, బాపట్ల:
చలికి కొట్టం చుట్టూ పట్టాలు కట్టాను. తీసేయాలా?

గేదెల కొట్టం:
దూడ మూతి ఎత్తుకు వంగి గాలి పీల్చి చూడండి. మూత్రం ఘాటు ముక్కుకు తగిలితే, నిలబడ్డ మనకు తెలియని అమ్మోనియా దూడకు రాత్రంతా తగులుతున్నట్టే. పైన ఒక అడుగు వదిలి పట్టా కిందికి దించండి, నేరుగా కొట్టే గాలి ఆగితే చాలు. కింద పొడి వరిగడ్డి, మోకాళ్ళు మునిగేంత. తడిసింది రోజూ తీసేయాలి.