శనివారం రెజ్యూమే వర్క్‌షాప్: హాల్ క్యాన్సిల్, అందరూ చూడండి

శ్రీధర్ (బుధవారం, రాత్రి 9:40): అందరికీ నమస్కారం. లైబ్రరీ వాళ్ళు శనివారం మీటింగ్ రూమ్ ఇవ్వరట, ఇప్పుడే మెయిల్ వచ్చింది. మన ఫ్లయర్ మీద "ఎంట్రీ 10 డాలర్లు" అని చూశారు. డబ్బులు తీసుకునే ప్రోగ్రాములకు వాళ్ళు రూమ్ ఇవ్వరు. ఉద్యోగాలు వెతుక్కుంటున్న 32 మంది పిల్లలు రిజిస్టర్ అయ్యారు, మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. ఇక్కడ న్యూజెర్సీలో, ఎడిసన్ చుట్టుపక్కల ఎవరికైనా తెలిసిన చోటుందా?

మాధవి: ఫ్లయర్ మీద రేటు వెయ్యమని ఎవరు చెప్పారు? బుకింగ్ ఫారమ్ నింపింది నేను. "ఉచితం" దగ్గర టిక్ పెట్టాను. ఇప్పుడు వాళ్ళ దృష్టిలో అబద్ధం చెప్పింది నేను.

వాసు: నేనే వేయించాను. 32 మందికి లంచ్ ఎక్కడినుంచి వస్తుందక్కా? సంక్రాంతి లెక్కే ఇంకా తేలలేదు.

మాధవి: సంక్రాంతి ఇప్పుడెందుకు తీస్తున్నావు?

శ్రీధర్: అది తర్వాత మాట్లాడుకుందాం. గుడి హాల్ అడిగాను. నవరాత్రులు కదా, ఖాళీ లేదు. స్కూల్ కెఫెటేరియాకి ఇన్సూరెన్స్ పేపర్లు కావాలి, రెండు రోజుల్లో అయ్యే పని కాదు.

కిరణ్: బ్యానర్ ఈ రాత్రే ప్రింటింగ్‌కి ఇవ్వాలి. అడ్రస్ ఏం వెయ్యను?

వాసు: ఒక దారుంది. నాకు తెలిసిన, ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీ ఆయన తన ఆఫీసు హాల్ ఫ్రీగా ఇస్తానన్నాడు. లంచ్ కూడా ఆయనదే. చివర్లో పది నిమిషాలు మాట్లాడతాడట. పిల్లల రెజ్యూమేలు ఒక సెట్ ఆయనకివ్వాలి.

పద్మజ: వద్దు. ఆ సెట్ ఎందుకో ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. మొన్న మేలో మాస్టర్స్ అయిన పిల్లాడి రెజ్యూమేలో ఐదేళ్ళ అనుభవం పుట్టుకొస్తుంది. రేపు హెచ్-1బి వీసా దగ్గరో, గ్రీన్ కార్డ్ దగ్గరో అది బయటపడితే ఇరుక్కునేది వాడే.

వాసు: అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? నాకు మొదటి ప్రాజెక్టు ఇప్పించింది కన్సల్టెన్సీయే. మీలాగా అందరికీ నేరుగా పెద్ద కంపెనీలో ఉద్యోగం రాదు.

పద్మజ: నేరుగానా? 2009లో నేను ఎన్ని వందల అప్లికేషన్లు పెట్టానో నీకు తెలుసా?

సాయి: మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. గ్రూపులో యాడ్ చేశారు కాబట్టి అన్నీ కనిపిస్తున్నాయి. ఓపీటీలో, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకోనిచ్చే గడువులో, ఉద్యోగం లేకుండా ఉండనిచ్చేది 90 రోజులే, నాకు 61 అయిపోయాయి. లంచ్ లేకపోయినా పర్లేదు, స్పీచ్ లేకపోయినా పర్లేదు. రూమ్మేట్లం నలుగురం ఒకరి రెజ్యూమే ఒకరం చూసుకున్నాం. నలుగురివీ "బాగుందిరా" అనుకున్నాం. ఒక్కడికీ ఒక్క కాల్ రాలేదు.

వాసు: నువ్వు గ్రూపులో ఉన్నావని చూసుకోలేదు తమ్ముడూ. పద్మజక్కా, సారీ. ఆయనకి వద్దని చెప్పేస్తాను.

పద్మజ: సాయీ, ఆ నాలుగూ నాకు పంపు. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి.

పద్మజ (రాత్రి 11:15): చూశాను. మూడింటిలో ఒకే ప్రాజెక్టు, ఒకే వాక్యాలు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ఇచ్చిన ఫైలే కదా? ఒకదానిలో నాన్నగారి పేరు, పుట్టినతేదీ, పెళ్ళి కాలేదని కూడా ఉంది. కింద "పై వివరాలన్నీ నిజమే" అని సంతకం. ఇక్కడ అవేవీ పెట్టరు, ఫోటో కూడా అక్కర్లేదు. నీ దాంట్లో "రెస్పాన్సిబుల్ ఫర్" ఆరు సార్లుంది. ఇంటర్న్‌షిప్‌లో డేటా పైప్‌లైన్ పని అని రాశావు. అక్కడ నువ్వేం చేశావు?

సాయి: రాత్రి నడిచే జాబ్ ఒకటి 4 గంటలు పట్టేదక్కా. క్వెరీలు మార్చి 50 నిమిషాలకు తెచ్చాను.

పద్మజ: మరి అది రాయలేదేం?

సాయి: గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందేమోనని.

పద్మజ: శనివారం జరగాల్సింది ఇదే. 32 రెజ్యూమేలూ మనం కూర్చుని దిద్దితే తెల్లారుతుంది. పిల్లల్నే ఇద్దరిద్దరుగా కూర్చోబెడదాం. రూమ్మేట్లు, ఒకే కాలేజీ వాళ్ళు జంట కాకూడదు, మొహమాటంతో నోరు పెగలదు. అవతలివాళ్ళది పది సెకన్లు చూసి కాగితం బోర్లించి, ఏం గుర్తుందో చెప్పాలి. ఏమీ గుర్తులేకపోతే అదీ చెప్పాలి. ఆ తర్వాత ప్రతి లైనుకీ "ఇందులో నువ్వు చేసిందేంటి, చేశాక ఏం మారింది" అని అడగాలి. రెజ్యూమే ఎవరిదో వాళ్ళు వాదించకుండా రాసుకోవాలి. "బాగుంది" అన్నవాళ్ళు గిన్నెలు కడగాలి.

వాసు: రెండు కాలమ్స్, ఐకాన్లు ఉన్న టెంప్లేట్లు కూడా మార్పించండక్కా. కంపెనీలు రెజ్యూమేలు వడపోసే సాఫ్ట్‌వేర్, అదే ఏటీఎస్‌లో పడితే లైన్లు కలగాపులగం అయిపోతుంటాయి.

శ్రీధర్: అయితే ప్రొజెక్టర్ అక్కర్లేదన్నమాట.

పద్మజ: పెన్నులు చాలు.

మాధవి: అలాగైతే మా బేస్‌మెంట్లో 16 మంది పడతారు. పైన బొమ్మల కొలువు ఉంది, దాన్ని మాత్రం కదపను. నాలుగింటికి పేరంటాళ్ళు వస్తారు, మూడుకల్లా ముగించాలి.

వాసు: మిగతా 16 మంది మా ఇంట్లో. మనకి మధ్య రెండు వీధులే కదా. పది డాలర్లూ అందరికీ వెనక్కి పంపేస్తున్నాను. మా ఆవిడ పులిహోర కలుపుతానంది.

మాధవి: దద్దోజనం నేను చేస్తాను. ఫారమ్ నింపేముందు నేనూ నిన్ను ఒక మాట అడగాల్సిందిలే.

కిరణ్: బ్యానర్?

శ్రీధర్: కిరణ్, నీది ఏడు సీట్ల బండి కదా? శనివారం పొద్దున మెట్రోపార్క్ స్టేషన్ దగ్గర ఉండగలవా? జెర్సీ సిటీ పిల్లలు పాత్ ట్రైన్‌లో న్యూవార్క్ దాకా వచ్చి అక్కడ మారతారు.

కిరణ్: ఉంటాను. మూడు నాలుగు ట్రిప్పులైనా వేస్తాను.

హారిక: మేం ఐదుగురం వస్తున్నాం అన్నా. ప్రింట్లు రెండేసి కాపీలు తెస్తాం. స్టేప్లర్ కూడా తేవాలా?

పద్మజ: ఒక్క పేజీకి స్టేప్లర్ ఎందుకమ్మా?

హారిక: నాది మూడు పేజీలక్కా.