రాత్రి నడకకి అబుదాబి నంబర్ వన్ అంటే ఒప్పుకోని వాళ్లు ఇక్కడ చెప్పండి

ఖాలిదియా రావు:
మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒకటే రభస. రాత్రిపూట నిర్భయంగా తిరగాలంటే యూరప్ తర్వాతే ఏదైనా అంటాడు మా బావమరిది. నేను ఒప్పుకోను. నంబియో అనే వెబ్‌సైట్ వాళ్ల భద్రమైన నగరాల జాబితాలో 2017 నుంచి ఏటా అబుదాబిదే మొదటి స్థానం. 2016లోనే ఫాల్కన్ ఐ అని ఊళ్లో కెమెరాలన్నిటినీ ఒక తాటి మీదకి తెచ్చారు. వేసవిలో పగలు బయట కాలు పెట్టలేం కాబట్టి ఇక్కడ జనం అసలు బయటికొచ్చేదే రాత్రి. పన్నెండు దాటాక కూడా సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద చంటిపిల్లల బండ్లు తోసుకుంటూ కనిపిస్తారు. మా ఆవిడ, అమ్మాయి మెడలో గొలుసులతోనే నడిచొస్తారు. నేనైతే కాఫీ షాపులో ఫోను టేబుల్ మీద వదిలేసి కౌంటర్ దగ్గరికి వెళ్తాను. యూరప్‌లో ఏ ఊళ్లోనైనా ఆ పని చేసి చూపించమనండి. మీ జవాబులు స్క్రీన్‌షాట్ తీసి మావాడికి పంపుతాను.

చెణుకుల చారి:
లండన్‌లో ఫోను చేతిలో ఉన్నా మనదని గ్యారంటీ లేదు, టేబుల్ దాకా ఎందుకు సార్. ఈ-బైక్ మీద వచ్చి లాక్కుపోతారు.

నడక నీలిమ:
రావు గారూ, నంబియో అంటే పోలీసు రికార్డు కాదండీ. ఆ సైట్‌కి వెళ్లినవాళ్లు "మీకెలా అనిపిస్తుంది" అన్న ప్రశ్నలకి నొక్కిన జవాబుల సగటు. ఎవరు నొక్కారు, అందులో ఆడవాళ్లెందరు, రాత్రి నిజంగా నడిచినవాళ్లెందరు, ఎవరూ ఏరి చూడరు.

పైగా ఫోను టేబుల్ మీద ఉంటే అది దొంగతనం సంగతి. నడక సంగతి వేరు. నేను ఉద్యోగరీత్యా చాలా ఊళ్లు ఒంటరిగా తిరుగుతాను. బార్సిలోనాలో లా రాంబ్లా మీద నా పర్సు కొట్టేశారు, అదీ పట్టపగలు. అయినా అదే ఊళ్లో రాత్రి పన్నెండున్నరకి ఎషాంప్లా వీధుల్లో హాయిగా నడిచాను. వాళ్లు భోజనానికి కూర్చునేదే తొమ్మిది, పది మధ్య. ఆ వేళకి ముసలమ్మలు కుక్కల్ని తిప్పుతుంటారు, బార్ల ముందు కుర్చీలు వేసుకుని కుటుంబాలు కబుర్లాడుతుంటాయి.

అబుదాబిలో నా పర్సు జోలికి ఎవరూ రాలేదు. కానీ ఎలక్ట్రా స్ట్రీట్ దగ్గర రాత్రి పదకొండుకి హోటల్‌కి నడుస్తుంటే ఒక తెల్ల కారు పక్కనే నెమ్మదిగా వచ్చింది. అద్దం దించాడు. నేను అటు చూడలేదు. వెళ్లిపోయాడనుకున్నా. బ్లాక్ చుట్టూ తిరిగి మళ్లీ వచ్చాడు, ఈసారి లైట్లు కొట్టాడు. మూడోసారి రాకముందే ఫార్మసీలోకి దూరి, అక్కర్లేని దగ్గు మందు కొనుక్కుని, అక్కణ్నుంచి ట్యాక్సీ పిలిపించుకున్నాను. అది మీ కెమెరాల లెక్కలోకి వస్తుందా?

ఖాలిదియా రావు:
నీలిమ గారూ, మీరు కంప్లయింట్ ఇచ్చారా? 999కి ఫోన్ చేస్తే నిమిషాల్లో వస్తారు. ఆడవాళ్లని వీధిలో వేధించడం ఇక్కడ జైలుకి పంపే నేరం. మీరు చెప్పకుండా వచ్చేస్తే ఊరిది తప్పెలా అవుతుంది? పర్సు పోయిన ఊరు మంచిదట, పర్సు పోని ఊరు చెడ్డదట. మీ లెక్క నాకు అర్థం కాలేదు.

నడక నీలిమ:
ఏమని చెప్పను? "తెల్ల కారు, నెమ్మదిగా నడిపాడు" అనా? ఆ ఊళ్లో సగం కార్లు తెల్లవే.

తాంపనీస్ అమ్మ:
మీ ఇద్దరి గొడవా ఎందుకు, సింగపూర్ రండి. నంబియోలాంటి క్లిక్కుల లెక్క కాదు, గ్యాలప్ వాళ్లు పద్ధతిగా చేసిన సర్వే. 2025 నివేదికలో ఇక్కడ 98 శాతం మంది రాత్రి ఒంటరిగా నడవడానికి భయం లేదన్నారు. ప్రపంచంలో మొదటి స్థానం మాది. ఫోను దాకా ఎందుకు, హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాల సముదాయంలో, సీటు ఆపడానికి టిష్యూ ప్యాకెట్ పెడితే చాలు, ఎవరూ కదపరు.

చెణుకుల చారి:
అందులో రెండో స్థానం తజికిస్తాన్ కదా అమ్మా. హనీమూన్ ప్యాకేజీలు మొదలెడదామా?

నడక నీలిమ:
చారి గారు నవ్వినా అసలు విషయం అక్కడే ఉంది. గ్యాలప్ అడిగేది "మీరు ఉండే ఊళ్లో, మీ ప్రాంతంలో రాత్రి ఒంటరిగా నడవడానికి భయం లేదా" అని. అడిగేది అక్కడ కాపురం ఉండేవాళ్లని. తజికిస్తాన్ రాజధాని దుషాన్బేలో ఓ పెద్దావిడ తన వీధి గురించి చెప్పిన మాట, దారి తెలియక మ్యాప్ పట్టుకు తిరిగే నాకెలా పనికొస్తుంది? ఆవిడకి ప్రతి గుమ్మమూ తెలుసు. నాకు హోటల్ పేరు తప్ప ఏమీ తెలియదు.

ఖాలిదియా రావు:
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. ఫోను టేబుల్ మీద వదిలేయగలిగే యూరప్ నగరం ఒక్కటి చెప్పండి.

టెక్సాస్ తమ్ముడు:
మా డాలస్ శివారుల్లో రాత్రి నడక భద్రమా అని అడిగితే ఏం చెప్పాలో తెలీదు, ఎందుకంటే నడిచేవాడే ఉండడు. చాలాచోట్ల ఫుట్‌పాతే ఉండదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు భోజనం అయ్యాక నాలుగడుగులు వేద్దామని బయల్దేరితే పక్కింటివాళ్లు కర్టెన్ తీసి చూస్తారు. 2015లో అలబామాలోని మాడిసన్‌లో ఏం జరిగిందో గుర్తుందా? కొడుకింటికి వచ్చిన గుజరాతీ పెద్దాయన పొద్దున పూట నడుస్తుంటే ఎవరో అనుమానం వచ్చి పోలీసులకి ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లిష్ రాదు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు, మెడ దెబ్బతిని పక్షవాతం వచ్చింది. దొంగ లేడు, రౌడీ లేడు. అందుకే మా నాన్న వస్తే వాకింగ్‌కి మాల్‌కే తీసుకెళ్తాను.

జగిత్యాల గల్ఫన్న:
తమ్మీ మంచి మాట చెప్పినవ్. ఇంతసేపు దొంగల ముచ్చటే నడుస్తున్నది. మా అసొంటోని తాన దొంగ ఏం తీస్కపోతడు?

నేను అబుదాబి బయట ముసఫాల, కూలీల క్యాంపుల ఉంటుంటి. సిటీకి బస్సుల పోవాలె. సెలవు రోజు రాత్రి నలుగురం కలిసి కార్నిష్ కాడ కూసుంటే సివిల్ డ్రెస్‌ల ఒకడు అచ్చి బతాక, అంటే గుర్తింపు కార్డు, సూపెట్టుమంటడు. పక్కపొంటి కుటుంబాలున్నయ్, తెల్లోళ్లున్నరు, వాళ్లను అడగడు. మమ్ముల్నే. కార్డు సూపెట్టినంక గూడ "ఈడ ఎందుకు కూసున్నరు, పోండ్రి" అంటడు. అప్పట్ల రోడ్డు అడ్డం దాటితే 400 దిర్హాములు ముఖాలఫా, అంటే జరిమానా. అది నా జీతంల సగం.

కడమ ముచ్చట గూడ చెప్త. మా కంపెనీ నెలల కొద్ది జీతం ఇయ్యలే. పాస్‌పోర్టు వాళ్ల తాననే. అడిగితే పారిపోయిండని నా మీద కేసు పెట్టిన్రు. ఖల్లివెల్లి అయిన, అంటే కాయిదాలు లేనోన్ని. గప్పటి సంది రాత్రి నడుసుడంటే ఎట్లుంటదో రావు సారుకు తెల్వది. లైటున్న రోడ్డు వదిలి సందులల్ల పోతుంటిమి. మీకు భరోసా ఇచ్చే కెమెరా మాకు భయం. 2024 సెప్టెంబర్ల ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) పెడితే ఔట్‌పాస్, అంటే ఇంటికి పోయే కాయిదం, తీస్కొని ఇంటికొచ్చిన.

ఖాలిదియా రావు:
అన్నా, నీ బాధ నాకు అర్థమైంది, కానీ ఇది వేరే విషయం. వీసా లేకుండా ఉన్నవాణ్ని ఏ దేశంలో పోలీసు అడగడు? ఇండియాలో అడగరా? చట్టప్రకారం ఉన్నవాళ్లకి అబుదాబి అంత భద్రమైన ఊరు లేదు. థ్రెడ్‌ని పక్కదారి పట్టించొద్దు.

జగిత్యాల గల్ఫన్న:
సారూ, బతాక జేబుల ఉన్నప్పుడు గూడ అడిగిన్రని పైన రాసిన. అది సదివినవా, ఇడిసిపెట్టినవా? ఇంకో మాట. ఆ సింగపూర్ నూటికి 98 మందిల వలస కూలీల డార్మిటరీలల్ల ఉండెటోళ్లను ఎంతమందిని అడిగిన్రో తెలుసుకోవాలె.

తాంపనీస్ అమ్మ:
సింగపూర్‌ని ఎందుకు లాగుతారు బాబూ. 2013 డిసెంబర్‌లో, ఆదివారాలు వలస కూలీలు చేరే లిటిల్ ఇండియా పేటలో అల్లర్లయ్యాయి, బస్సు కింద ఒక కూలీ పడి చనిపోతే మొదలైంది. ఆ తర్వాత 2015లో చట్టం తెచ్చి రాత్రి పదిన్నర దాటితే బయట ఎక్కడా తాగకూడదన్నారు. అప్పటి నుంచి ఎంత ప్రశాంతంగా ఉందో. ఆదివారం సాయంత్రం కూడా కూరగాయలకి వెళ్లొస్తున్నాను.

టెక్సాస్ తమ్ముడు:
ఆంటీ, ఆ చట్టంలోనే లిటిల్ ఇండియాకి, గేలాంగ్ అనే ఇంకో పేటకి మిగతా ఊరికంటే గట్టి ఆంక్షలు పెట్టారు. మీ ప్రశాంతత కోసం సర్దుకున్నదెవరో కొంచెం ఆలోచించండి.

తాంపనీస్ అమ్మ:
తాగి రోడ్ల మీద పడిపోవడం కూడా హక్కేనా ఇప్పుడు?

నడక నీలిమ:
రావు గారూ, ఒక చిన్న ప్రశ్న. మొదటి పోస్టులో "మా ఆవిడ, అమ్మాయి నడిచొస్తారు" అన్నారు. మీ అమ్మాయి ఎప్పుడైనా ఒక్కతే వెళ్లిందా?

ఖాలిదియా రావు:
ఒక్కతే ఎందుకు వెళ్తుంది? ఇంట్లో మనుషులు లేరా? అర్ధరాత్రి ఆడపిల్లకి రోడ్డు మీద ఒంటరిగా ఏం పని అని నేను ఎవరినీ అనను, ఎవరి ఇష్టం వాళ్లది. కానీ తెలియని ఊళ్లో పదకొండింటికి నడుచుకుంటూ వెళ్లి కారువాడు చూశాడని ఊరిని తిట్టడం...

నడక నీలిమ:
ఆ చుక్కలు పెట్టి ఆపారే, పూర్తి చేయండి. కాన్ఫరెన్స్ డిన్నర్ పదింటికి అయింది. హోటల్ కాస్త దూరం. మగవాళ్లందరూ నడిచే వెళ్లారు. వాళ్లలో ఒక్కరినైనా "ఆ టైమ్‌లో రోడ్డు మీద ఏం పని" అని అడుగుతారా మీరు? తోడుంటేనే భద్రం అనేట్టయితే ఇంక అబుదాబి ఎందుకు, తోడు తీసుకుని ఏ ఊరైనా తిరగొచ్చు. మీ ఫస్ట్ ర్యాంకు ఊరికి కాదు, మీ ఇంటి కాపలాకి!

చెణుకుల చారి:
పాప్‌కార్న్.

నిర్వాహకుడు:
కొన్ని పోస్టులు తొలగించాను. ఒకరి ఇంటి ఆడవాళ్ల గురించి ఇంకొకరు రాయకండి. మళ్లీ జరిగితే థ్రెడ్‌కి తాళం.

ఖాలిదియా రావు:
సరే, సూటిగా చెప్తాను. మా అమ్మాయికి బార్సిలోనాలో మాస్టర్స్ సీటొచ్చింది. గ్రూపులో గొడవ దాని గురించే. మా బావమరిది "పంపు, యూరప్ భద్రం" అంటాడు. ఇక్కడ నంబర్ వన్ ఊళ్లో కళ్ల ముందు పెరిగిన పిల్లని, పట్టపగలు పర్సులు కొట్టే ఊరికి పంపమంటే నేనెలా పంపుతాను? నీలిమ గారి పర్సు కూడా అక్కడే పోయింది కదా. మీరే ఒప్పుకున్నారు.

టెక్సాస్ తమ్ముడు:
అంకుల్, దీనికి నంబియో ఎందుకు? మొదటి పోస్టులోనే చెబితే సరిపోయేది కదా.

జగిత్యాల గల్ఫన్న:
నా బిడ్డ హైదరాబాద్ హాస్టల్ల సదువుతున్నది. నేను దేశం కాని దేశంల సందులల్ల తిరిగినప్పుడు నన్నెవ్వలు ఆపలే సారూ, ఇంటికి పైసలు రావాలె గదా. నీ బిడ్డకు సీటొస్తే ఆపుతున్నవ్. ఇద్దరం తండ్రులమే.

ఖాలిదియా రావు:
దానికీ దీనికీ పోలిక పెట్టకన్నా.

నడక నీలిమ:
రావు గారూ, పర్సు పోతే పాస్‌పోర్ట్ జిరాక్స్, రెండో కార్డు ఉంటే రెండు రోజుల చికాకు. అక్కడ మామూలుగా 400 యూరోల లోపు దొంగతనం చిన్న నేరం కింద జరిమానాతో పోతుంది, అందుకే ఆ జేబుదొంగలు తగ్గరు. వాళ్లకి కావలసింది పర్సే. మీ అమ్మాయి బెదిరిపోయే సంగతి అది కాదు. నేను ఊళ్లో చూసుకునేది ఒక్కటే: ఆ టైమ్‌కి వీధిలో ఇంకా ఆడవాళ్లు కనిపిస్తున్నారా లేదా. బార్సిలోనాలో కనిపిస్తారు. రావల్ అనే పేట లోపలి సందులు రాత్రి వద్దని చెప్పండి. ఫోను చేత్తో పట్టుకుని మెట్రో తలుపు పక్కన నిలబడొద్దనండి. మెట్రో మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాకా, శుక్రవారం రెండు దాకా, శనివారం రాత్రంతా ఉంటుంది.

ఖాలిదియా రావు:
శుక్రవారం రెండు దాటితే?

నడక నీలిమ:
నైట్ బస్సులున్నాయి, ఎన్ అక్షరంతో మొదలవుతాయి నంబర్లు. ఎక్కువ భాగం ప్లాసా కటలూన్యా మీదుగా వెళ్తాయి.

ఖాలిదియా రావు:
ప్లాసా కటలూన్యా అంటే లా రాంబ్లా మొదలయ్యే చోటే కదా. మీ పర్సు పోయింది ఆ రోడ్డు మీదే.

నడక నీలిమ:
😐

చెణుకుల చారి:
రావు గారూ, బావమరిదికి స్క్రీన్‌షాట్ పంపారా?