మూకీ సినిమాల వీహెచ్‌ఎస్ టేపులకి బూజు – కాపాడే దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు ఏళ్ల తరబడి పోగేసిన మూకీ క్యాసెట్లు నా దగ్గరున్నాయి. హాస్యనటులు చాప్లిన్‌, కీటన్‌వి ఎక్కువ. ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’లో మిగిలిన ముక్క కూడా ఉంది. ప్రతి దాని మీదా ఆయన చేతిరాత.

మొన్న ముసురుకి బీరువా తీస్తే ఒకటే చెమ్మవాసన. మూత ఎత్తి చూస్తే టేపు అంచు వెంబడి పిండి రాసినట్టు తెల్లటి బూజు. అలాగే వీసీఆర్‌లో పెడితే టేపుని చదివే హెడ్ పాడై, మిగతావాటికీ అంటుకుంటుందని ఆగిపోయాను. ఎండలో పెట్టాలన్నా భయమే.

ఇంట్లో శుభ్రం చేసిన అనుభవం ఎవరికైనా ఉందా? రాజమండ్రి, కాకినాడ వైపు డిజిటల్‌లోకి మార్చేవాళ్లు ఉన్నారా? ఇంకోటి, సెకనుకి 16–18 ఫ్రేముల (బొమ్మల) వేగంతో తీసినవి టేపు మీదకి 24తో ఎక్కించారేమో, కొన్నిట్లో మనుషులు ఉరుకులు పెడుతున్నారు. మార్చేటప్పుడే అది సరిచేయొచ్చా?